గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను గోల పెడుతుంటే: లోపం ఫ్యానుదో, దానిని నడిపించే దానిదో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

చెన్నైలో అగ్ని నక్షత్రం ఎండలు మొదలయ్యే సరికి, కొని నాలుగైదేళ్ళయిన డెస్క్‌టాప్ కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు తమ ఉనికిని చాటుకోవడం మొదలుపెడతాయి. కొన్ని ఉన్నట్టుండి హోరుమని లేచి పది సెకన్లలోనే సద్దుమణుగుతాయి, మరికొన్ని గరగరలాడుతూనే ఉంటాయి, ఇంకొన్ని తిరగాలో వద్దో తెలియనట్టు ఆగి ఆగి తిరుగుతాయి. వేళచ్చేరిలోనో షోళింగనల్లూరులోనో అద్దె ఫ్లాటులో ఉంటూ, పగలు ఇంటి నుంచి ఆఫీసు పని, రాత్రి ఆటలు అన్నీ ఒకే కంప్యూటరు మీద నడుపుకొనే మనవాళ్ళు చాలామంది ఈ చప్పుడు వినగానే కార్డు ఊడదీసి, ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్ దారి పడతారు. అలా బయలుదేరే ముందు ఇంట్లోనే, కార్డు స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా, తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. లోపం ఫ్యానులోనే ఉందా, లేక ఫ్యాను బాగానే ఉండి దానికి ఆజ్ఞలిచ్చే సాఫ్ట్‌వేరో, కార్డు వేడో దానిని అలా ఆడిస్తోందా? ఈ రెండింటికీ చికిత్సలు వేరు, ఖర్చులు వేరు. ప్రశ్న తేలకుండా కొన్న కొత్త ఫ్యాను గాని, చిప్ మీద పూసిన కొత్త థర్మల్ పేస్టు గాని చాలాసార్లు దండగే అవుతుంది.

ముందు చప్పుడు కార్డుదేనని రూఢి చేసుకోండి

క్యాబినెట్‌లో తిరిగేవి గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు మాత్రమే కావు. ముందూ వెనకా క్యాబినెట్ ఫ్యాన్లుంటాయి, ప్రాసెసర్ మీద ఒకటి ఉంటుంది, కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ లోపల ఇంకొకటి ఉంటుంది, పాత కంప్యూటరయితే హార్డ్ డిస్కు కూడా తన వంతు చప్పుడు చేస్తుంది. ఇవన్నీ ఒకే ఇనుప పెట్టెలో ఉండడం వల్ల ఒకదాని అదురు పెట్టె మొత్తానికీ పాకి, చప్పుడు ఎక్కడ పుడుతోందో చెవికి సరిగా అందదు. పక్క ప్యానెల్ తీసి, ఒక క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొనను ఒక్కొక్క ఫ్యాను వైపు తిప్పండి. గొట్టం కొన రెక్కలకు తగలకుండా నాలుగు వేళ్ళ దూరంలో ఉండాలి. చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఒక నిమిషంలో తెలిసిపోతుంది.

ఇక్కడ ఇంకొక చప్పుడును వేరుచేసి గుర్తుపట్టాలి. ఆట ఆడుతున్నప్పుడు సన్నగా, కీచుమంటూ, ఈలకూ కీచురాయి కూతకూ మధ్యలో ఉండే శబ్దం వస్తూ, దృశ్యం మారగానే దాని స్థాయి కూడా మారుతుంటే అది ఫ్యాను కాదు. కార్డులోని విద్యుత్ సర్క్యూట్లలో ఉండే కాయిల్స్ ఎక్కువ కరెంటు ప్రవహించేటప్పుడు అదరడం వల్ల పుట్టే శబ్దమది. దానిని కాయిల్ వైన్ అంటారు. ఆటల మెనూ తెరలో ఫ్రేములు సెకనుకు కొన్ని వందలు దాటినప్పుడు ఇది బాగా వినిపిస్తుంది. ఫ్రేమ్ రేటును మీ మానిటర్ రిఫ్రెష్ రేటుకు, అంటే 60కో 144కో, పరిమితం చేసి చూడండి. కీచుదనం అప్పటికప్పుడు తగ్గితే కాయిల్స్ సంగతే. దానికి ఫ్యాను మార్చినా, నూనె వేసినా ప్రయోజనం ఉండదు, కార్డుకు దాని వల్ల ప్రమాదమూ లేదు.

అంకెలు చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు

చప్పుడు కార్డుదేనని తేలాక, కార్డు అంకెలను చూపే ప్రోగ్రాములైన జీపీయూ-జెడ్ గాని, హెచ్‌డబ్ల్యూ-ఇన్ఫో గాని, ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ గాని దాని అధికారిక సైటు నుంచే దించుకోండి. మూడూ ఉచితం. మీ కార్డు ఎంఎస్‌ఐ కంపెనీది కాకపోయినా ఆఫ్టర్‌బర్నర్ పనిచేస్తుంది. వీటిలో మీరు గమనించవలసినవి కార్డు ఉష్ణోగ్రత, చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటును చూపే హాట్‌స్పాట్ ఉష్ణోగ్రత, ఫ్యానుకు ఇస్తున్న ఆజ్ఞను చూపే శాతం, ఫ్యాను నిజంగా తిరుగుతున్న వేగాన్ని చూపే ఆర్‌పీఎం. చివరి రెండింటి మధ్య తేడాను బాగా గుర్తుంచుకోండి. శాతం అనేది పైనుంచి వచ్చిన ఆజ్ఞ, ఆర్‌పీఎం అనేది కింద జరిగిన పని. ఆజ్ఞ నిలకడగా ఉండి పని తడబడుతుంటే ఫ్యానును అనుమానించాలి. ఆజ్ఞే పైకీ కిందికీ ఊగుతుంటే, ఫ్యాను పాపం చెప్పినట్టు చేస్తోందన్నమాట.

ఏమీ తెరవకుండా పది నిమిషాలు ఊరికే ఉంచి ఈ అంకెలు రాసుకోండి. తరువాత మీరు మామూలుగా ఆడే ఆటనే పావుగంట నడిపి మళ్ళీ రాసుకోండి. గదిలో ఏసీ నడుస్తోందో లేదో కూడా పక్కనే రాయండి, ఎందుకంటే గది వేడి పెరిగినంత మేరా కార్డు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. 26 డిగ్రీల ఏసీ గదిలో 70 డిగ్రీల దగ్గర హాయిగా నడిచే కార్డు, మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీల గదిలో 80 దగ్గరకు చేరి ఫ్యాన్లను పరిగెత్తిస్తే అందులో చెడిపోయినది ఏదీ లేదు.

అసలు పరీక్ష: వేగాన్ని ఒకచోట కట్టేసి వినడం

ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగిన తీరిక మీకుంటే ఇదే చేయండి. ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ స్పీడ్ అనే మీట పక్కన ఉన్న ఆటో బటన్‌ను ఆపి, వేగాన్ని మీ చేత్తో 30 శాతం దగ్గర పెట్టి, కింద ఉన్న అప్లై బటన్ నొక్కండి. చాలా ఎన్‌విడియా కార్డులు 30 కంటే కిందికి దిగనివ్వవు, ఫరవాలేదు. ఏఎండీ కార్డు ఉన్నవారు అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫార్మెన్స్ కింద ట్యూనింగ్‌లోకి వెళ్ళి, ఫ్యాన్ ట్యూనింగ్ తెరిచి ఇదే పని చేయవచ్చు. రెండు నిమిషాలు వినండి. తరువాత 40, 50, 60 అలా పదేసి శాతం పెంచుకుంటూ 100 దాకా వెళ్ళి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి చెవితోనూ, ఆర్‌పీఎం అంకెతోనూ పరిశీలించండి. ఈ సమయంలో ఆటలేవీ నడపవద్దు.

వేగం కట్టేసినప్పుడు ఫ్యాను నున్నగా, ఒకే శ్రుతిలో తిరిగి, కేవలం గాలి హోరు మాత్రమే వినిపిస్తే ఫ్యాను ఆరోగ్యంగా ఉన్నట్టే. మీ సమస్య ఆజ్ఞలోనో వేడిలోనో ఉంది. అలా కాక, కట్టేసిన వేగంలో కూడా గరగర, టకటక, అదురు వినిపిస్తే, లేదా ఆజ్ఞ 40 దగ్గర కదలకుండా ఉన్నా ఆర్‌పీఎం వందల్లో ఎగిరి పడుతుంటే, సమస్య ఫ్యాను ఒంట్లోనే ఉంది. రెండు మూడు ఫ్యాన్లున్న కార్డులో ఏది పాడైందో కాగితపు గొట్టం చెబుతుంది.

ఈ పరీక్షలో మధ్యరకం ఫలితం కూడా ఒకటి వస్తుంటుంది. ఫ్యాను 40 దగ్గర నిశ్శబ్దంగా ఉంటుంది, 60 దగ్గరా బాగానే ఉంటుంది, 48కీ 53కీ మధ్య మాత్రం క్యాబినెట్ అంతా బూమ్‌మని మోగుతుంది. రెక్కల వేగమూ, కార్డు ప్లాస్టిక్ కవచం సహజంగా అదిరే వేగమూ ఆ చోట కలుస్తున్నాయన్నమాట. దీనికి విడిభాగాలేవీ అక్కరలేదు. ఆ వేగపు పట్టీ ఏ శాతం దగ్గర మొదలై ఏ శాతం దగ్గర ముగుస్తుందో రాసిపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

లోపం ఆజ్ఞలో ఉంటే

ఆగి ఆగి తిరిగే ఫ్యాను గురించి వచ్చే ఫిర్యాదుల్లో సింహభాగం నిజానికి లోపమే కాదు. గత పదేళ్ళలో వచ్చిన కార్డుల్లో చాలావాటికి, పని తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్లను పూర్తిగా ఆపేసే ఏర్పాటు ఉంది. కార్డు 50 నుంచి 60 డిగ్రీల మధ్య కంపెనీ నిర్ణయించిన ఒక హద్దు దాటితే ఫ్యాను లేస్తుంది, దిగితే ఆగుతుంది. కశ్మీరులో ఇది చక్కగా పనిచేస్తుందేమో గాని, చెన్నైలో ఏసీ లేని గదిలో ఊరికే ఉన్న కార్డు సరిగ్గా ఆ హద్దు మీదే కూర్చుంటుంది. బ్రౌజర్‌లో ఒక వీడియో తెరిస్తే హద్దు దాటుతుంది, ఫ్యాను లేచి అర నిమిషంలో చల్లబరుస్తుంది, ఆగిపోతుంది, మళ్ళీ వేడెక్కుతుంది. రెండు మానిటర్లు తగిలించి ఉంచేవారికి, ఎక్కువ రిఫ్రెష్ రేటు వాడేవారికి ఖాళీగా ఉన్నప్పటి వేడి కూడా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి ఈ బాధ ఇంకా ఎక్కువ.

దీనికి విరుగుడు ఫ్యానును ఆగనివ్వకపోవడమే. అడ్రినలిన్‌లో జీరో ఆర్‌పీఎం అనే మీటను ఆపేయండి. ఎన్‌విడియా కార్డయితే ఆఫ్టర్‌బర్నర్ సెట్టింగ్స్‌లో ఫ్యాన్ అనే విభాగం తెరిచి, సాఫ్ట్‌వేర్ ద్వారా ఫ్యానును నియంత్రించే గడికి టిక్ పెట్టి, ఏ వేడికి ఎంత వేగమో చూపుతూ వచ్చే గీతను మీకు తగినట్టు మలచుకోండి. ఏసీ లేని మన గదులకు నేను సూచించే గీత ఇది: 50 డిగ్రీల దాకా 30 శాతం, 60 దగ్గర 40, 70 దగ్గర 55, 80 దగ్గర 75, 85 దాటితే 100. ఎప్పుడూ 30 శాతంతో మెల్లగా తిరిగే ఫ్యాను చప్పుడు సీలింగ్ ఫ్యాను కింద మీకు వినపడదు. మనిషిని విసిగించేది చప్పుడు కంటే అది పదే పదే మారడమే. గీతకు కింద ఉన్న టెంపరేచర్ హిస్టరిసిస్ అనే గడిలో 5 పెట్టండి. అప్పుడు వేగం ఒకసారి పెరిగాక, ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు దిగితే గాని తగ్గదు కాబట్టి ఒక డిగ్రీ అటూ ఇటూ అయినంత మాత్రాన ఫ్యాను ఊగిసలాడదు. పైన చెప్పిన మోత పట్టీ మీ కార్డులో ఉంటే, ఆ శాతాల దగ్గర గీతను నిటారుగా లేపి, ఫ్యాను అక్కడ నిలవకుండా దాటిపోయేలా చేయండి.

ఆజ్ఞలు గందరగోళంగా ఉండడానికి ఇంకొక కారణం ఇద్దరు యజమానులు. కార్డు కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఒకటి, మదర్‌బోర్డు కంపెనీది ఒకటి, వీటికి తోడు ఆఫ్టర్‌బర్నర్ లేదా ఫ్యాన్ కంట్రోల్ అనే ప్రోగ్రాము, ఇన్నీ విండోస్‌తో పాటే లేచి ఒకే ఫ్యానుకు తలో ఆజ్ఞ ఇస్తుంటే శాతం 30కీ 60కీ మధ్య అర్థం లేకుండా గెంతుతుంది. ఒక్కదానిని ఉంచుకుని తక్కినవాటిని తొలగించండి. కేవలం మూసేస్తే చాలదు, కంప్యూటరు మళ్ళీ వేసినప్పుడు అవే లేచి కూర్చుంటాయి. కొన్ని కార్డుల అంచున సైలెంట్, పెర్ఫార్మెన్స్ అని రెండు బయోస్‌ల (కార్డులోనే ఉండే మూల ప్రోగ్రాముల) మధ్య మార్చే చిన్న మీట ఉంటుంది. కంప్యూటరు ఆపి ఆ మీటను సైలెంట్ వైపు జరపడం వల్లనే కొందరి సమస్య తీరిపోతుంది. డ్రైవర్ కొత్తగా మార్చిన రోజు నుంచే ఇబ్బంది మొదలయితే, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతదాన్ని పూర్తిగా తుడిచి మళ్ళీ వేయండి.

ఆజ్ఞ సరైనదే, వేడే ఎక్కువయితే

ఫ్యాను మంచిదే, గీతా సరిగానే ఉంది, అయినా ఆట మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే 90 శాతం వేగం అందుకుంటోందంటే ఆ వేగానికి నిజమైన అవసరం ఉంది. పక్క ప్యానెల్ తీసి అదే ఆట పావుగంట నడపండి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు మించి తగ్గితే కార్డుకు కావలసింది గాలి. మన ఇళ్ళలో కంప్యూటర్ టేబుళ్ళకు కింద ఒక చెక్క గూడు ఉంటుంది, క్యాబినెట్‌ను అందులోకి తోసి, వెనక భాగాన్ని గోడకు ఆనించి, ముందు తలుపు కూడా వేసేస్తారు. వెనక నుంచి వెళ్ళిన వేడి గాలి ఆ గూడులోనే తిరిగి ముందు నుంచి లోపలికి వస్తుంది. క్యాబినెట్‌ను బయటికి లాగి, గోడకు జానెడు దూరంలో పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు, ఫలితం మాత్రం అప్పటికప్పుడు అంకెల్లో కనిపిస్తుంది.

ప్యానెల్ తీసినా వేడి తగ్గకపోతే దుమ్మును చూడాలి. చెన్నై దుమ్ము ఉత్త దుమ్ము కాదు. తేమకు ముద్దకట్టి, పోపుల ఆవిరీ, పూజలో వేసే సాంబ్రాణి పొగా అందులో కలిసి, చిప్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో జిడ్డు దుప్పటిలా పరుచుకుంటుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఉప్పు గాలి కూడా తోడవుతుంది కాబట్టి స్క్రూలకు, బ్రాకెట్లకు తుప్పు త్వరగా పడుతుంది. అక్కడ ఉండేవారు మూడు నాలుగు నెలలకొకసారి శుభ్రం చేసుకోవడం మంచిది.

శుభ్రం చేయడానికి కంప్యూటరు ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి చేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకోండి. కార్డుకు తగిలించిన పవర్ వైర్లు తీసి, వెనక బ్రాకెట్ స్క్రూలు విప్పి, స్లాటు చివర ఉన్న చిన్న ప్లాస్టిక్ కొక్కెం నొక్కితేనే కార్డు వదులుతుంది. అది నొక్కకుండా లాగితే మదర్‌బోర్డు స్లాటు విరుగుతుంది. బాల్కనీలోకి తీసుకెళ్ళి, ఎలక్ట్రిక్ బ్లోయరుతో రేకుల సందుల్లోకి గాలి కొట్టండి. ఇందులో ఒక జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోండి. బ్లోయరు గాలికి రెక్కలు తమ సహజ వేగాన్ని మించి గిర్రున తిరిగితే బేరింగు అరుగుతుంది, పైగా తిరిగే మోటారు జనరేటరుగా మారి కార్డులోకి కరెంటు పంపుతుంది. ఆ గిర్రుమనే శబ్దం వినడానికి సరదాగానే ఉంటుంది గాని, మంచి ఫ్యాను చెడిపోవడానికి అదొక్కటే చాలు. రెక్కలకు అంటిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో, ఒక్కొక్క రెక్కనూ కింద నుంచి ఆనించి పట్టుకుని తుడవండి. జిడ్డు ఒక రెక్కకు ఎక్కువ, ఒక రెక్కకు తక్కువ ఉంటే తూకం తప్పి అదే అదురుగా వినిపిస్తుంది. తడి గుడ్డ వద్దు, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వద్దు. అది స్టాటిక్ పుట్టిస్తుంది.

దుమ్ము పోయాక కూడా హాట్‌స్పాట్ అంకె కార్డు ఉష్ణోగ్రత కంటే 25 డిగ్రీలకు పైగా ఎక్కువ చూపిస్తుంటే, చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్యనున్న థర్మల్ పేస్టు ఎండిపోయిందనుకోవచ్చు. కొన్ని కార్డులు ఈ అంకెను చూపవు. పేస్టు మార్చడం కష్టమైన పనేమీ కాదు గాని, అందులో ఉరి బిగించేది పేస్టు కాదు, మెమరీ చిప్‌ల మీద ఉండే థర్మల్ ప్యాడ్లు. అవి ఒకే కార్డులో 1 మిల్లీమీటరు ఒకచోట, 2 మిల్లీమీటర్లు ఇంకొకచోట ఉండవచ్చు. చినిగిన ప్యాడు స్థానంలో మందమైనది వేస్తే హీట్‌సింక్ చిప్ మీద పూర్తిగా ఆనక మునుపటి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. మందం ఖచ్చితంగా తెలియనిదే విప్పవద్దు. వారంటీ ఉన్న కార్డునయితే అసలే విప్పవద్దు, స్క్రూ మీద అంటించిన చిన్న స్టిక్కరు చినిగిందని సర్వీసు సెంటరులో పేచీ పెట్టే అవకాశం ఉంది. బిల్లు తీసి తేదీ చూసుకున్న తరువాతే స్క్రూడ్రైవరు చేతపట్టండి.

ఏదీ విప్పకుండా వేడి తగ్గించే మార్గం ఇంకొకటి ఉంది. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 100 నుంచి 80 శాతానికి దించండి. కరెంటు వాడకం అయిదో వంతు తగ్గినా ఆటలో ఫ్రేములు తగ్గేది సాధారణంగా అందులో కొంత భాగమే. ఫ్యాను వేగం మాత్రం స్పష్టంగా దిగుతుంది. వేసవి రెండు నెలలకూ ఒక ప్రొఫైలు, తక్కిన కాలానికి ఒక ప్రొఫైలు దాచుకుని ఉంచుకోవచ్చు.

లోపం ఫ్యాను ఒంట్లోనే ఉంటే

కట్టేసిన వేగంలోనూ చప్పుడు వచ్చినవారు ముందు చవక కారణాలు చూడాలి. చుట్టుకొకసారి టిక్, టిక్ అని లెక్కపెట్టినట్టు వినిపిస్తుంటే ఏదో రెక్కలకు తగులుతోంది. హార్డ్ డిస్కుకు వెళ్ళే సాటా వైరో, క్యాబినెట్ ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్నని వైరో ఫ్యాను మీదికి వాలి ఉండవచ్చు. మూడు ఫ్యాన్ల పొడవాటి కార్డయితే బరువుకు ఒక మూల కిందికి వంగి, కవచం ఒరుసుకుంటూ ఉండవచ్చు. వేలితో కార్డు చివరను మెల్లగా పైకి ఎత్తి పట్టుకోండి. చప్పుడు ఆగితే, అక్కడ నిలబెట్టే స్టాండు ఒకటి చాలు.

అవేవీ కాకపోతే బేరింగు. దీనికి మంచి పరీక్ష ఉంది. కంప్యూటరు ఆపి, క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, మళ్ళీ వేసి అదే వేగంలో వినండి. పడుకోబెట్టినప్పుడు కార్డు నిలువుగా నిలబడుతుంది, ఫ్యాను ఇరుసు మీద పడే బరువు దిశ మారుతుంది. చప్పుడు స్వభావం మారినా, పూర్తిగా మాయమైనా, స్లీవ్ బేరింగు అరిగిందని అనుమానించవచ్చు. స్లీవ్ బేరింగులో ఇరుసును తేలికగా తిప్పేది ఒక సన్నని నూనె పొర. ఏళ్ళ తరబడి 60, 70 డిగ్రీల వేడిలో ఆ నూనె ఆవిరై, మిగిలినది బంకగా మారుతుంది. అరిగిన బేరింగు తక్కువ వేగంలో గరగరలాడి, వేగం పెరిగితే కాస్త సర్దుకుంటుంది. ఇంకా ముదిరితే ఫ్యాను లేవలేదు. అప్పుడు దగ్గరగా చూస్తే రెక్క ఒక అంగుళం ముందుకు జరిగి, వెనక్కి వచ్చి, మళ్ళీ జరిగి, నాలుగైదు సార్లు అలా వణికి, ఒక్కసారిగా తిరగడం మొదలుపెడుతుంది. వేలితో చిన్నగా నెడితే వెంటనే లేచే ఫ్యాను బేరింగు చివరి దశలో ఉన్నదని నమ్మవచ్చు.

నూనె వేయడం తాత్కాలికమైన ఉపాయమే గాని, కొత్త ఫ్యాను చేతికి వచ్చేదాకా పని గడుస్తుంది. ఫ్యాను మధ్యలో వెనక వైపు ఉన్న గుండ్రని స్టిక్కరును ఒక అంచు నుంచి మెల్లగా లేపితే, కొన్నింటిలో చిన్న రబ్బరు మూత, కొన్నింటిలో నేరుగా ఇరుసు కొన కనిపిస్తాయి. ఏదీ కనిపించక ప్లాస్టిక్ మూసి ఉంటే, లేదా లేబుల్ మీద రెండు బాల్ బేరింగులని ఉంటే, అక్కడితో ఆపేయండి. కుట్టు మిషన్ నూనెను సూది మొనతో ఒక్క చుక్క వేసి, రెక్కను చేత్తో ఇరవై ముప్పై సార్లు తిప్పి, పొంగి వచ్చినదాన్ని దూదితో తుడవండి. చుట్టూ నూనె మరక ఉంటే స్టిక్కరు మళ్ళీ అంటుకోదు, అది ఊడితే నూనె మళ్ళీ ఎండిపోతుంది. అందుకని ఆ అంచును ఆల్కహాల్‌తో పొడిగా తుడిచి మరీ అంటించండి. కొబ్బరి నూనె కొన్నాళ్ళకు బంకపడుతుంది, తుప్పు వదిలించే స్ప్రేలు ఉన్న నూనెను కూడా కరిగించి ఆవిరైపోతాయి. రెండూ వద్దు.

కొత్త ఫ్యాను కొనేటప్పుడు కార్డు పేరు చెబితే సరిపోదు, ఎందుకంటే ఒకే మోడల్ కార్డులో కూడా వేర్వేరు బ్యాచీలకు వేర్వేరు ఫ్యాన్లు వస్తుంటాయి. పాత ఫ్యానును విప్పి, వెనక లేబుల్ మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఉన్న నంబరును, 12 వోల్టుల పక్కన ఉన్న ఆంపియర్ల విలువను ఫోటో తీసుకోండి. రెక్కల వ్యాసం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, వైర్లు ఎన్ని, కనెక్టరుకు పిన్నులు ఎన్ని అన్నవి కూడా చూడండి. కొన్ని కార్డుల్లో రెండు ఫ్యాన్లు కలిసి ఒకే కనెక్టరుకు వస్తాయి, అప్పుడు జతగా మార్చాలి. మూడు ఫ్యాన్ల కార్డుల్లో కొన్నిటికి మధ్య ఫ్యాను తక్కిన రెండింటికీ ఎదురు దిశలో తిరుగుతుంది. ఆ మధ్య ఫ్యాను స్థానంలో పక్క ఫ్యాను కొనితెస్తే ఆ ఎదురు తిరుగుడు పోతుంది.

అప్పుడు రిచీ స్ట్రీట్‌కు వెళ్ళండి. మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషనులో దిగితే నడక దూరమే, ఆదివారం మాత్రం చాలా అంగళ్ళు మూసి ఉంటాయి. ఫోటోతో పాటు పాత ఫ్యానును కూడా తీసుకెళ్ళి, నరసింగపురం వీధి వైపున్న రిపేరు అంగళ్ళలో పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. అచ్చంగా అదే నంబరు దొరకకపోతే, కనెక్టరు పిన్నుల వరుస, ఆంపియర్లు, రంధ్రాల దూరం ఈ మూడూ కలిసినది మాత్రమే తీసుకోండి. వైరు కోసి అతికిస్తామంటే ఒప్పుకోవద్దు. నాలుగు వైర్లలో ఒకటి వేగాన్ని కార్డుకు తెలియజేసేది, అది తారుమారయితే ఫ్యాను తిరుగుతున్నా కార్డుకు సున్నా ఆర్‌పీఎం కనిపిస్తుంది. ఇంటికి వచ్చాక కవచం బిగించక ముందే కనెక్టరు తగిలించి, కార్డును స్లాటులో పెట్టి, 30 నుంచి 100 దాకా అదే మెట్ల పరీక్షను మళ్ళీ నడపండి.

ఈ కోవకు చెందని ఒక లక్షణం

ఆట మధ్యలో తెర నల్లబడి, అదే క్షణంలో ఫ్యాన్లన్నీ నూటికి నూరు శాతం హోరెత్తి, కంప్యూటరు ఆపేదాకా అలాగే ఉంటే పైన చెప్పినవేవీ దానికి వర్తించవు. కార్డు తనను నడిపే ప్రోగ్రాముతో సంబంధం తెగిపోయి, రక్షణ కోసం ఫ్యాన్లను పూర్తి వేగానికి వదిలేసిన స్థితి అది. అప్పుడు ఫ్యానును ముట్టుకోవద్దు. కార్డు పవర్ కనెక్టర్లను ఊడదీసి, క్లిక్‌మనేదాకా మళ్ళీ గట్టిగా తోయండి. 16 పిన్నుల కొత్త కనెక్టరయితే వెంట్రుకవాసి సందు కూడా మిగలకూడదు, సరిగా కూర్చోని ఆ కనెక్టర్లు కరిగిన సందర్భాలున్నాయి. రెండు 8 పిన్ సాకెట్లున్న కార్డుకు ఒకే వైరు చీలికలు తగిలించి ఉంటే, ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు వైర్లు తెచ్చి తగిలించండి. అయినా ఆగకపోతే స్నేహితుల దగ్గర తగినంత వాట్ల ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చి దానితో ఒక సాయంత్రం నడిపి చూడండి. దానితో సజావుగా నడిస్తే మార్చవలసింది ఎస్ఎంపీఎస్‌నే. దానితోనూ తెర నల్లబడితే కార్డు బోర్డులోనే లోపం ఉండవచ్చు కాబట్టి, వారంటీ బిల్లుతో సర్వీసు సెంటరుకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీరు రాసుకున్న ఉష్ణోగ్రతలు, ఆర్‌పీఎం అంకెలు ఉన్న కాగితాన్ని కూడా జతచేయండి. లోపాన్ని వెతికేవారికి ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతుంది.